సెప్టెంబరు స్టాంపు, డిసెంబరు సెలవు

సౌదీలోని ఖమీస్ ముషైత్‌లో నేను పనిచేసిన ప్రైవేటు ఆస్పత్రిలో, జీతాల విభాగం ఆడవాళ్ళ గదిలో, నా కుర్చీలో ఇప్పుడు షబానా కూర్చుంటోంది. అనంతపురం పిల్ల, చురుకైనది, నన్ను ఆపా అని, అంటే అక్కా అని పిలుస్తుంది. మొన్న శుక్రవారం మా ఇంటికొచ్చి మూతి ముడుచుకుని సోఫాలో కూలబడింది.

"ఆపా, జీతాలంటే చేస్తా, ఓవర్‌టైమంటే చేస్తా. ఈ నర్సులందరూ వచ్చి నన్ను ఇండియా టాక్స్ అడుగుతారేమి? అది మన పనేనా?"

"మన పని కాదు. చేయక తప్పదు," అన్నాను.

"అంతా మీరు అలవాటు చేసి పెట్టి పోయినారు!"

నిజమే, నేనే అలవాటు చేశాను. జీతాల పని నాకు తిండి పెట్టింది, దానికి అల్లాకు వేల షుక్రియాలు. కానీ పొద్దున్నే ఆస్పత్రికి పరుగెత్తుకుని పోవాలనిపించింది మాత్రం ఈ రెండో పని కోసమే. ఎవరో ఒక పిల్ల భయం భయంగా తలుపు తీసుకుని వస్తుంది, పోయేటప్పుడు ఎగురుకుంటూ పోతుంది. ఆ సంబరం ఇంకే ఉద్యోగంలో దొరుకుతుంది? షబానాకు ఆ రోజు నోటితో కొంత చెప్పాను. మిగిలింది ఆమెకూ, ఆమె తర్వాత ఆ కుర్చీలోకి వచ్చేవాళ్ళకూ ఇక్కడ రాస్తున్నాను.

వసారాలో చదువు

నేను బడికి పోయింది కొద్దిరోజులే. మాది ప్రొద్దుటూరు. మా అబ్బాజాన్ అక్కడ ఒక టాక్స్ ప్రాక్టీషనరు దగ్గర గుమాస్తా. బట్టల కొట్లు, బంగారు కొట్ల లెక్కలు ఆయన చేతి మీదుగా పోయేవి. బడి మానిపించిన రోజు నేను ఏడుస్తుంటే, వసారాలో తన పక్కన చాప వేసి, "ఏడుపు అయ్యాక వచ్చి ఇక్కడ కూచో" అన్నారు. అదే నా బడి, అదే నా కాలేజీ. పరీక్షలన్నీ ప్రైవేటుగా కట్టించారు. పెళ్ళయ్యేనాటికి కొట్ల రిటర్నులు నేనే రాసి పెట్టేదాన్ని, ఆయన చూసి సంతకానికి పంపేవారు.

ఆయన నేర్పిన మొదటి పాఠం ఇది: ఎంత సంపాదించాడని అడగకముందు, ఏడాదిలో ఎన్నాళ్ళు ఎక్కడున్నాడో అడుగు. ప్రొద్దుటూరు కొట్లవాళ్ళందరూ ఏడాది పొడుగునా ప్రొద్దుటూరులోనే ఉంటారు కదా, ఈ పాఠం ఎందుకని అప్పుడు నవ్వుకున్నాను. ఆయనకు నా తలరాత ముందే తెలుసేమో అని ఇప్పుడనిపిస్తుంది. మా ఆయన ఖమీస్‌లో ఎలక్ట్రికల్ సామాన్ల కొట్లో చేరి, నన్ను ఇక్కడికి తెచ్చుకున్నాక, నేను అడిగిన ప్రశ్నలన్నిటిలో మొదటిది అదే అయింది.

పన్ను లేని దేశం అనే మాట

ఏజెంట్లు విమానం ఎక్కించేటప్పుడు చెప్పే మాట ఒకటే: "సౌదీలో టాక్స్ లేదమ్మా, ఎంత సంపాదిస్తే అంత నీదే." ఇందులో సగం నిజం. ఇక్కడ జీతం మీద పన్ను కోయరు. బకాలాలో, అంటే వీధి చివరి కిరాణా కొట్లో, రొట్టె కొన్నా, ఫోను కొన్నా వ్యాట్ కడతావు. కుటుంబాన్ని తెచ్చుకుంటే మనిషికింత అని నెలనెలా రుసుము పడుతుంది. సరే, అవన్నీ ఇక్కడి సంగతులు.

ఏజెంటు చెప్పని సగం ఇండియాలో ఉంది. నువ్వు ఊరు విడిచిన ఏడాది, అంటే ఏప్రిల్ నుంచి మార్చి దాకా నడిచే ఆ లెక్కల ఏడాదిలో, ఇండియాలో నువ్వు ఉన్న రోజులు నూట ఎనభై రెండుకు చేరితే, ఆ ఏడాదికి నువ్వు ఇండియాలో ఉన్న మనిషివే. అప్పుడు సౌదీలో తీసుకున్న జీతం కూడా అక్కడ చూపాలి, ఇక్కడి బ్యాంకు ఖాతా కూడా చూపాలి. చేరకపోతే ఆ ఏడాదికి నువ్వు బయటి మనిషివి, ఇక్కడి జీతం జోలికి వాళ్ళు రారు. ఉద్యోగం కోసం సెప్టెంబరులో బయల్దేరిన పిల్లకూ అక్టోబరులో బయల్దేరిన పిల్లకూ మధ్య తేడా ఇదే. ఇద్దరూ ఒకే వార్డులో, ఒకే జీతానికి పనిచేస్తుంటారు.

ఇంకొకటి. ఇండియాలో ఉన్న పాత సేవింగ్స్ ఖాతాను అలాగే వాడుకోకండి, బ్యాంకుకు చెప్పి ఎన్నారై ఖాతాగా మార్పించుకోండి. దీని మీద పేజీలు రాయొచ్చు, రాయను. బ్యాంకుకు పోవడానికి బద్ధకించేవాళ్ళకు ఎన్ని పేజీలు రాసినా ఒకటే.

హమ్దీ గారి గహ్వా

నా మొదటి పై అధికారి ఈజిప్టు ఆయన, ఉస్తాద్ హమ్దీ. కోపిష్టి. కాగితం మీద కాఫీ మరక కనబడితే రోజంతా మాట్లాడడు. మనుషుల్ని మెచ్చుకోవడం ఆయనకు చేతకాదు. అది మంచి గుణం కాదని ఆయన ముఖాన్నే ఒకసారి చెప్పాను, దానికి కూడా మెచ్చుకోలేదు. కానీ పని నేర్పింది ఆయనే.

ఎవరైనా సలహాకి వస్తే నిలబడి జవాబు చెప్పనిచ్చేవాడు కాదు. ముందు కూర్చోబెట్టు, గహ్వా, అంటే ఇక్కడి కాఫీ, పొయ్, ఖర్జూరం పెట్టు, అది అయ్యేదాకా నోరు తెరవకు అనేవాడు. ఇక్కడి అరబ్బులకు అది మర్యాద. హమ్దీ గారికి అది పని చేసే పద్ధతి. మనుషులు వచ్చీరాగానే అడిగేది అసలు ప్రశ్న కాదు. ఆ చిన్న కప్పు రెండోసారి నిండేసరికి అసలు సంగతి బయటికొస్తుంది. నేను ఈ పద్ధతిని పట్టుకుని వదల్లేదు. తెలుగు నర్సులకు ఆ ఏలకుల ఘాటు మొదట్లో పడేది కాదు. "ఇదేం కాఫీ అండీ, కషాయంలాగుంది" అంటూ తాగేవారు. తాగుతూ తాగుతూ చెప్పేసేవారు.

క్రిస్మస్ భయం

ఇప్పుడు ఎస్తేరు రాణి సంగతి చెబుతాను. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నా గుండె గంతులేస్తుంది.

ఎస్తేరుది నరసాపురం దగ్గర పల్లె. భర్త రొయ్యల చెరువుల మీద పని. రెండేళ్ళు వరసగా చెరువుకు తెగులొచ్చి దెబ్బతిన్నాక, పది నెలల పాపను అత్తగారి చేతుల్లో పెట్టి ఈ అమ్మాయి విమానం ఎక్కింది. పాప పేరు బ్లెస్సీ. వీడియో కాల్‌లో బ్లెస్సీ ఫోనును ముద్దుపెట్టుకుంటుంది, అద్దం నిండా చొంగ. "ఆపా గారండీ, అది నేను ఫోనులాగే ఉంటాననుకుంటుందేమోనండి" అని నవ్వుతూ చెప్పి, చివర్లో నవ్వడం మరిచిపోయేది.

ఆ ఏడాది డిసెంబరులో ఆస్పత్రి రెండో అంతస్తు మరమ్మతుకు మూశారు. కొత్త నర్సుల్లో కావాలన్నవాళ్ళకు నెల రోజుల సెలవు, జీతం లేకుండా. మొదటి ఏడాదిలో ఇజాజా దొరకడమంటే మాటలా! ఇక్కడ సెలవును అందరూ ఆ అరబ్బీ పేరుతోనే పిలుస్తారు. హాస్టలంతా గోలగోల. ఫిలిప్పీన్స్ పిల్లలు పేర్లు రాయించుకున్నారు, మలయాళీ పిల్లలు రాయించుకున్నారు. మన తెలుగు పిల్లలు ఒక్కరూ కదల్లేదు.

నాకు ఆశ్చర్యమేసింది. క్రిస్మస్‌కు నెల ముందు నుంచే ఊళ్ళో కట్టే నక్షత్రాల గురించి, చర్చిలో పాడే పాటల గురించి చెప్పుకుని కళ్ళు తుడుచుకునే పిల్లలు వీళ్ళు. ఎస్తేరును పిలిపించి, కూర్చోబెట్టి, గహ్వా పోశాను.

"ఎందుకు పేరు రాయించుకోలేదు మ్మా?"

"ఏదోలెండి. వచ్చే ఏడు చూద్దామండి."

రెండో కప్పు పోశాను.

"బ్లెస్సీ అడుగులు వేసేత్తందంటండి," అంది. "మా ఆయన వీడియో పంపేరు. గోడ పట్టుకుని పోతా పోతా దబ్బున కూలబడి, ఎవరూ చూడలేదు కదా అని చుట్టూ చూసుకుందండి."

"మరి పోయి చూసుకో!"

"ఎలాగండీ? మొదటేడు క్రిస్మస్‌కి ఇంటికెళ్తే టాక్స్ పడుద్ది కదండీ!"

నేను కప్పు కింద పెట్టేశాను. "ఎవరు చెప్పినారు?"

"అందరికీ తెల్సండి. సామ్యేలన్నయ్యకి పడింది కదండీ. నోటీసొచ్చింది. ఈ ఏడు తీసుకున్న జీతమంతా లెక్కలోకొచ్చేత్తదంట. నేను దేనికొచ్చేనండి ఇక్కడికి? అందుకే గుండె రాయి చేసుకుని కూకున్నాను."

సామ్యేలు మా ల్యాబు టెక్నీషియను. ఆయన మొదటి ఏడాది తమ్ముడి పెళ్ళికని క్రిస్మస్‌లో ఇంటికి పోయొచ్చాడు. తర్వాత ఇన్‌కంటాక్స్ నోటీసు వచ్చింది. ఈ రెంటినీ హాస్టలు ముడిపెట్టేసింది. క్రిస్మస్‌కు పోయాడు, నోటీసు వచ్చింది, కాబట్టి క్రిస్మస్ వల్లే వచ్చింది! ఒక బ్యాచ్ ఇంకో బ్యాచ్‌కు చెప్పింది. ఎన్ని డిసెంబర్లు ఎంతమంది పిల్లలు ఈ హాస్టలు గదుల్లో ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారో! మంచి బుర్ర ఉన్న పిల్లలు, మందు మోతాదు చుక్క తేడా రానివ్వని పిల్లలు. కానీ భయం దగ్గర మనమెవరమూ కొలత పట్టుకోం.

వెంటనే సామ్యేలుకు ఫోన్ చేశాను. స్పీకర్ పెట్టాను.

"సామ్యేలూ, నువ్వు మొదటిసారి ఇండియా నుంచి బయల్దేరింది ఎప్పుడు నాయనా?"

"అక్టోబరు నడిమిలోనండి ఆపా గారు. వీసా లేటయ్యింది కదండీ."

"అయితే నువ్వు పెళ్ళికి పోకముందే, విమానం ఎక్కకముందే నూట ఎనభై రెండు రోజుల గీత దాటేసినావు. నీ నోటీసుకూ క్రిస్మస్‌కూ సంబంధం లేదు."

"అంటే మా తమ్ముడి పెళ్ళి వల్ల కాదాండీ? వాణ్ణి ఇన్నాళ్ళ నుంచీ తిడతన్నానండి!" అన్నాడు. ఎస్తేరు గహ్వా పొరబోయి దగ్గింది.

గోడ అంచున నిలబడొద్దు

అంతటితో పని అయిపోలేదు. షబానా, ఇక్కడ నువ్వు జాగ్రత్తగా చదవాలి. వట్టి భయం పోగొట్టి పంపడం సగం పనే. భయం ఎగిరిపోయిన మనిషి గీత చూడకుండా పరుగెత్తుతుంది.

"నువ్వు ఎప్పుడు బయల్దేరినావు?" అని ఎస్తేరునడిగాను.

"ఆగస్టులోనండి."

"పాస్‌పోర్టు తీ."

నేను నోటి మాట రాయను. మనిషికి ఊరు విడిచిన రోజంటే, బంధువులు వచ్చి భోజనాలు పెట్టిన రోజు గుర్తుంటుంది. ఎస్తేరుకు గుర్తున్నది చర్చిలో ప్రార్థన చేసి పంపిన ఆదివారం. ఆ తర్వాత హైదరాబాదులో ఏజెంటు దగ్గర మరికొన్నాళ్ళు కూర్చోబెట్టారు. ఇమ్మిగ్రేషన్ స్టాంపు సెప్టెంబరు మొదటి వారానిది. ఏప్రిల్ నుంచి అక్కడి దాకా లెక్కపెడితే, ఆమెకు ఇండియాలో ఇంకా మిగిలిన చోటు మూడు వారాల పైచిలుకు. నెల సెలవు నెలంతా వాడుకుంటే గీత దాటుతుంది!

హాస్టలు పుకారులో అబద్ధం ఎంతో నిజం కూడా అంతే ఉందన్నమాట. ఊరికి పోతే పన్ను పడదు. మరీ ఎక్కువ రోజులు ఉంటే పడుతుంది. దిగిన రోజూ ఎక్కిన రోజూ రెండూ లెక్కే అనుకోమన్నాను. మూడు వారాల లోపలే తిరిగి రమ్మన్నాను. ఆఖరి రోజు దాకా ఆగకు, విమానాలకు మన లెక్కలు తెలియవు అన్నాను. గోడ అంచున నిలబడితే గాలి చాలు పడేయడానికి. ఇది కూడా హమ్దీ గారి మాటే.

అయితే మరమ్మతు సెలవు కాగితం మీద నెల అని ఉంది. తగ్గించమని ముదీర్‌ను, అంటే మా మేనేజరు గారిని, అడగాలి. మా ముదీర్ సౌదీ ఆయన, పెద్దమనిషి, హాస్యగాడు. నేను అడిగేసరికి కళ్ళజోడు తీసి నన్నూ ఎస్తేరునూ మార్చి మార్చి చూశాడు.

"ఇరవై ఏళ్ళ నుంచి ఈ సీట్లో ఉన్నాను. ఇంకో వారం ఇవ్వండని ఏడ్చినవాళ్ళను చూశాను. వారం తీసెయ్యండి అన్న మనిషిని చూడలేదు. ఏమ్మా, ఇంట్లో అత్తగారు ఉందా?"

నేను తెలుగులో చెబితే ఎస్తేరు కంగారుగా, "అయ్యో, మా అత్తగారు చాలా మంచిదని చెప్పండి!" అంది. అది అరబ్బీలో చెప్పాను. ముదీర్ గట్టిగా నవ్వి, "అయితే ఇంకా అనుమానం. మంచి అత్తగారి దగ్గర నుంచి తొందరగా వస్తుందట!" అంటూనే సంతకం పెట్టేశాడు. మిగిలిన రోజులకు కింది అంతస్తులో డ్యూటీ వేయించాడు. ఆయన పిల్లలు చల్లగా ఉండాలి.

ఆ సాయంత్రం హాస్టలుకు నేనే పోయాను. ఒక్కొక్క పిల్లా పాస్‌పోర్టు పట్టుకుని వరసగా వచ్చింది. కొందరికి రెండు వారాలు, కొందరికి నెలంతా. జూన్‌లో వచ్చిన ఒక పిల్లకు "నీకు చాలా చోటుంది, పో" అంటే, అక్కడే మంచం మీదెక్కి గెంతింది. వార్డెన్ వచ్చి తిట్టింది. నేనూ తిట్లు తిన్నాను, సంతోషంగా తిన్నాను. మగ్రిబ్ నమాజు వేళ దాటిపోతోందని గుర్తొచ్చి, ఆ గది మూలనే చున్నీ సర్దుకుని నమాజు చేసుకున్నాను. నేను లేచేదాకా ఆ పిల్లలు గుసగుసల్లోనే కేరింతలు కొట్టారు.

అభా పొగమంచు

ఎస్తేరు పోయింది. మొదటి రెండు రోజులూ బ్లెస్సీ దగ్గరికి రాలేదట. దూరంగా నిలబడి, ఒకసారి ఫోను వంక, ఒకసారి ఈమె వంక చూసేదట. మూడో రోజు పొద్దున వంటింట్లో ఎస్తేరు రొయ్యలు ఒలుస్తుంటే వెనక నుంచి వచ్చి జడ పట్టుకుని లాగిందట. ఈ సంగతి వాయిస్ మెసేజీలో చెబుతూ ఎస్తేరు ఏడ్చింది, నవ్వింది, వెనక నుంచి ఆమె అత్తగారు, "మీ ఆపా గారికి రొయ్యల పచ్చడి పడతానని చెప్పవే" అని అరిచింది. ఆ మెసేజీని మా ఆయనకు నాలుగుసార్లు వినిపించాను.

జెద్దాలో విమానం మారి, ఖమీస్ పక్కనున్న అభాలో దిగాలి. తిరిగొచ్చే రోజు మధ్యాహ్నం నేను వంట చేసుకుంటుంటే ఫోన్. ఎస్తేరే.

"ఆపా గారండీ! అభా ఫ్లైట్ కాన్సిల్ చేసేరండి. పొగమంచంటండి. మళ్ళీ ఎప్పుడో తెలీదంటన్నారు. నా లెక్క తప్పిపోద్దాండీ?"

"ఇప్పుడు యాడున్నావు?"

"జెద్దా ఎయిర్‌పోర్ట్‌లోనండి."

"హైదరాబాదులో స్టాంపు వేసినారా?"

"వేసేరండి."

"అయితే కూచుని ఏదన్నా తిను మ్మా. నువ్వు ఇండియా గడప దాటిన నిమిషానికే ఆ లెక్క ఆగిపోయింది. జెద్దాలో వారం ఉన్నా ఇండియావాళ్ళకు సంబంధం లేదు. డ్యూటీకి ఆలస్యమైతే ముదీర్‌కు చెప్పుకోవాలి, అంతే."

"అంతేనాండీ?"

"అంతే."

"దేవునికి స్తోత్రమండి" అంది. "అల్‌హందులిల్లా" అన్నాను నేను. రెండూ ఒక చోటికే చేరి ఉంటాయి.

మర్నాడు ఖమీస్ కొండల మీద పొగమంచు విచ్చుకుంది. ఎస్తేరు నేరుగా నా గదికే వచ్చింది. బట్టల మధ్య చుట్టి తెచ్చిన పచ్చడి డబ్బా బల్ల మీద పెట్టింది. ఫోను తీసి చూపించింది. తల్లి భుజం మీద ముఖం దాచుకుని ఒక్క కన్ను మాత్రం బయటపెట్టిన బ్లెస్సీ.

ఆ తర్వాత పన్నులో ఇచ్చే తగ్గింపులు, అంటే రిబేట్లు, పెరిగాయి. ఎస్తేరు లాంటి జీతానికి ఇప్పుడైతే అంత దెబ్బ ఉండకపోవచ్చు. నియమాలు మారుతూనే ఉంటాయి, చట్టం కూడా కొత్తది రాశారు. అందుకే షబానా, నేను చెప్పింది కూడా నమ్మి ఊరుకోకు, ఏటా చూసుకో. తెలియనిది తెలియదని చెప్పు. పెద్ద ఆదాయాలు, ఇళ్ళ అమ్మకాలు వస్తే సీఏ దగ్గరికి పంపు. అది చిన్నతనం కాదు.

మళ్ళీ మొదటికి

నేను పని మానుకునే ముందు చివరి డిసెంబరు. అమలాపురం వైపు నుంచి కొత్తగా వచ్చిన కిరణ్మయి అనే పిల్ల గది తలుపు తోసుకుని వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. ముదీర్ దగ్గర పది రోజుల సెలవు ఎలా సంపాదించిందో మరి, చేతిలో టిక్కెట్టు.

"ఆపా గారూ! క్రిస్మస్‌కి ఇంటికెళ్తే టాక్స్ పడదంట కదండీ! ఎస్తేరక్క వెళ్ళిందంట, పడలేదంట. హాస్టల్లో అందరూ అదే అంటన్నారు. అందుకే వెంటనే టిక్కెట్టు తీసేశానండి!"

నాకు నవ్వు ఆగలేదు. ఒక పుకారును ఇన్నేళ్ళు తరిమితే, అది చుట్టూ తిరిగొచ్చి ఇంకో తలుపులోంచి లోపలికొచ్చింది.

"ముందు కూచో," అని గహ్వా పోశాను. "ఇండియా నుంచి ఎప్పుడు బయల్దేరినావు?"

"నవంబరులోనండి."

"పాస్‌పోర్టు తీ."

స్టాంపు నవంబరుదే. ఈ ఏడాదికి నువ్వు ఇండియాలో ఉన్న మనిషివే, ఇక్కడి జీతమూ ఖాతా రెండూ అక్కడ చూపాల్సిందే, పన్ను వస్తే కట్టాల్సిందే అని నిదానంగా చెప్పాను. రిటర్ను వేసేటప్పుడు నేనో, నా తర్వాత వచ్చేవాళ్ళో పక్కన కూర్చుంటామన్నాను. పిల్ల ముఖం వాడిపోయింది. టిక్కెట్టును మడతపెట్టింది.

"అయితే కాన్సిల్ చేసేయమంటారాండీ?"

"ఎందుకే పిచ్చిదానా? నువ్వు గీత ఎప్పుడో దాటేసినావు. ఇంక పది రోజులున్నా, నెలున్నా ఒకటే లెక్క. పన్ను పన్నే, పండగ పండగే. పో, పోయి మీ అమ్మ పక్కన కూచుని తిను. వచ్చేటప్పుడు రొయ్యల పచ్చడి మాత్రం మర్చిపోవద్దు."